హేగ్ తీర్పుకు నీరటి ఎవరు?

పాకాల ఆయకట్టు (ప్రశ్న):

నేను నర్సంపేట దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. పోయిన వారం పదో తరగతిలో ఐక్యరాజ్యసమితి గురించి చెబుతూ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దగ్గరికి వచ్చాను. 15 మంది న్యాయమూర్తులు, తొమ్మిదేళ్ల పదవీకాలం, దేశాల మధ్య తగువులు తీర్చడం దాని పని అని బోర్డు మీద రాస్తున్నాను. వెనక వరుసలోంచి ఒక అమ్మాయి లేచింది. "సార్, ఒక దేశం నదిని పాడు చేస్తే కింది దేశం ఈ కోర్టుకు పోతుంది. కోర్టు తీర్పు చెబుతుంది. అయినా వినకపోతే? ఆ తీర్పుకు నీరటి ఎవరు సార్?"

మా తరగతిలో ఆ మాటను ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పని లేదు. ఇక్కడ చదివే పట్నం వాళ్ల కోసం చెబుతాను. చెరువు కింద ఏ మడికి ఎప్పుడు నీళ్లు పారాలో చూసుకునే మనిషి నీరటి. వానలు తక్కువ పడిన ఏడు పెద్దమనుషులు కట్ట మీద కూర్చుని, పైవాళ్లకు ఇన్ని జాములు, కిందివాళ్లకు ఇన్ని జాములు అని తేల్చేవారు. అక్కడితో వాళ్ల పని అయిపోయేది. అర్ధరాత్రి లాంతరు పట్టుకుని, భుజాన పార వేసుకుని, పై పొలం మడవలో ఇంత గడ్డి కుక్కి, దాని మీద రెండు పారల బురద వేసి నీళ్లను కిందికి మళ్లించేది మాత్రం నీరటే. మా ఊరి నీరటిని నేను చిన్నప్పుడు చూశాను. బురద వేశాక చేత్తో అదిమి, పక్కన చెవి పెట్టి వినేవాడు. ఎక్కడైనా సన్నగా కారుతున్న చప్పుడు వస్తే మళ్లీ అదిమేవాడు. కళ్లాల దగ్గర అతనికి పైవాళ్లూ వడ్లు కొలిచేవారు, కిందివాళ్లూ కొలిచేవారు. అతను ఎవరి మనిషీ కాదు, అందరి మనిషి. అందుకే రాత్రి పూట మడవ కట్టేసినా ఎవరూ చెయ్యి చేసుకునేవారు కాదు.

ఆ అమ్మాయికి "రేపు చెబుతాను" అన్నాను. వారం అయింది. పాఠ్యపుస్తకంలో ఉన్నది భద్రతా మండలి పేరు ఒక్కటే. దాంతో ఆమె ఊరుకుంటుందని నేను అనుకోను, ఊరుకోకూడదు కూడా. గాలి, నీరు, అడవి విషయంలో దేశాలు కోర్టుకు వెళ్లినప్పుడు నిజంగా ఏం జరిగింది? తీర్పు వచ్చాక నది బాగుపడిన సందర్భాలు ఉన్నాయా? తెలిసినవాళ్లు ఉదాహరణలతో చెప్పండి. తరగతిలో చెప్పాలి కాబట్టి గాలి మాటలు వద్దు.

సుబేదారి:

మాస్టారూ, హనుమకొండలో న్యాయశాస్త్రం చెబుతాను. మీ అమ్మాయి అడిగిన ప్రశ్న మా ఎల్ఎల్ఎం విద్యార్థులు కూడా ఇంత సూటిగా అడగరు.

ముందు ఒక మాట. నీరటి సంగతి తరువాత, అసలు పెద్దమనుషుల దగ్గరికి రావడమే దేశం ఇష్టం. ఊళ్లో పిలిస్తే రాక తప్పదు, హేగ్‌కు అలా కాదు. ముందే ఒప్పుకుంటేనో, ఏదైనా ఒప్పందంలో రాసి ఉంటేనో తప్ప ఏ దేశాన్నీ అక్కడ నిలబెట్టలేరు. మన దేశం 2019లో ఇచ్చిన ప్రకటననే చూడండి. కోర్టు అధికారాన్ని ఒప్పుకుంటూనే, కామన్వెల్త్‌లో ఉన్న, ఒకప్పుడు ఉన్న దేశాలతో తగువులను మినహాయించింది. అంటే గంగ మీది ఫరక్కా బ్యారేజీ నీళ్ల కోసం, కామన్వెల్త్ దేశమైన బంగ్లాదేశ్ ఆ ప్రకటనను పట్టుకుని మనల్ని హేగ్‌కు లాగలేదు. పర్యావరణం కోసమే ఆ కోర్టు 1993లో ఏడుగురు న్యాయమూర్తులతో ప్రత్యేక విభాగం పెట్టింది. 2006 దాకా ఉంచింది. ఈ పదమూడేళ్లలో ఒక్క దేశమూ ఒక్క కేసూ దానికి ఇవ్వలేదు.

ఇక భద్రతా మండలి. సమితి చార్టర్ 94వ అధికరణ ప్రకారం, తీర్పు అమలు కాకపోతే గెలిచిన దేశం అక్కడికి వెళ్లవచ్చు. 1986లో నికరాగువా అమెరికా మీద గెలిచి అక్కడికే వెళ్లింది. అమెరికా వీటో వేసింది. అది పర్యావరణం కేసు కాదు కానీ, ఆ తలుపు వెనక ఏముందో చూపించింది. ఈ సంగతి పిల్లలకు దాచకుండా చెప్పండి.

మీరు అడిగినది నది గురించి కాబట్టి డాన్యూబ్ కథ చెబుతాను. 1977లో హంగరీ, అప్పటి చెకోస్లోవేకియా కలిసి ఆనకట్టలు కట్టాలని ఒప్పందం రాసుకున్నాయి. 1989లో పర్యావరణం దెబ్బతింటుందని హంగరీ పని ఆపేసింది. 1992లో అవతలి వాళ్లు తమ వైపే నదిని మళ్లించుకున్నారు. కోర్టు 1997 సెప్టెంబరు 25న ఇద్దరిదీ తప్పేనంది. ఒప్పందం ఇంకా బతికే ఉంది, కూర్చుని మాట్లాడుకోండి అని పంపేసింది. మరుసటి ఏడే, చెకోస్లోవేకియా చీలిపోయాక ఆ వైపు మిగిలిన స్లొవేకియా మళ్లీ కోర్టు గడప ఎక్కింది. ఇరవై ఏళ్లు గడిచినా వాళ్ల మధ్య పూర్తి పరిష్కారం కుదరలేదు. నాకు ఆ తీర్పు మీద బాధ ఉంది. న్యాయమూర్తులు కోర్టు చరిత్రలో తొలిసారి స్వయంగా నది దగ్గరికి వెళ్లి చూశారు. చూసి వచ్చి కూడా ఎన్ని నీళ్లు వదలాలో ఒక్క అంకె చెప్పలేదు.

అయినా అదే కేసులో మీ తరగతికి పనికివచ్చే పేజీలు ఉన్నాయి. శ్రీలంకకు చెందిన న్యాయమూర్తి వీరమంత్రి విడిగా రాసిన అభిప్రాయం అది. అభివృద్ధినీ ప్రకృతినీ కలిపి చూడడం కొత్త సిద్ధాంతం కాదని చెబుతూ, శ్రీలంక ప్రాచీన చెరువుల గొలుసును సాక్ష్యంగా తెచ్చారు. వాన నీటిలో ఒక్క చుక్క కూడా మనిషికి ఉపయోగపడకుండా సముద్రంలో కలవకూడదన్న శ్రీలంక పాతకాలపు రాజు పరాక్రమబాహు మాటను ఆ కోర్టు పుస్తకాల్లోకి ఎక్కించారు. పాకాల, రామప్ప, లక్నవరం చూస్తూ పెరిగిన పిల్లలకు ఆ పేజీలు చదివి వినిపించండి. హేగ్ ఎక్కడో పరాయి చోటు అనిపించదు.

గేజీ బల్ల:

నమస్కారం. కరీంనగర్ నుంచి రాస్తున్నాను. శ్రీరాంసాగర్ కాలువల మీద ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. చట్టం నాకు తెలియదు, నీటి కొలతలు తెలుసు.

మేడం గారు "ఒక్క అంకె చెప్పలేదు" అన్నారు చూశారా, నా అనుభవంలో తగువు మొత్తం అక్కడే ఉంటుంది. రెండు డివిజన్ల హద్దు మీద ఒక డిస్ట్రిబ్యూటరీ (పెద్ద కాలువ నుంచి చీలే ఉపకాలువ) దగ్గర నేను కొన్నాళ్లు ఉన్నాను. పైవాళ్ల రిజిస్టర్‌లో వదిలినది ఒక లెక్క, కిందివాళ్ల రిజిస్టర్‌లో అందినది ఇంకో లెక్క. యాసంగి వచ్చిందంటే ప్రతిరోజూ కేకలే. వెళ్లి చూస్తే నీటి మట్టం కొలిచే గేజీ బల్ల మీద నాచు పట్టి అంకెలు సగం కనపడడం లేదు. ఒక లష్కర్ (కాలువ మీద నీళ్లు చూసుకునే మనిషి) గట్టు మీద నిలబడి చూస్తాడు, ఇంకొకడు మెట్టు దిగి చూస్తాడు. కొబ్బరి పీచుతో రుద్ది కడిగించాను. ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి ఇద్దరు లష్కర్లూ ఒకే మెట్టు మీద నిలబడి చదివి, ఒకే పుస్తకంలో ఇద్దరూ సంతకం పెట్టాలని చెప్పాను. నీళ్లేమీ పెరగలేదు. తగువు మాత్రం పది రోజుల్లో చల్లబడింది.

ఇప్పుడు కిషన్‌గంగ నది చూడండి. మనకూ పాకిస్తాన్‌కూ మధ్య సింధు జలాల ఒప్పందం 1960 నాటిది. మనం కశ్మీర్‌లో 330 మెగావాట్ల విద్యుత్ కేంద్రం కోసం ఆ నది నీళ్లు మళ్లిస్తుంటే పాకిస్తాన్ మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లింది. మళ్లించుకోవచ్చు, కానీ ఆనకట్ట కింద నదిలో ఎప్పుడూ సెకనుకు 9 ఘనపు మీటర్లు పారాలి అని 2013 డిసెంబరులో చెప్పారు. మన లెక్కలో దాదాపు 318 క్యూసెక్కులు. ఇంజినీరుకు కావలసిన తీర్పు అంటే అది. గేటు ఎంత ఎత్తాలో ఆ రాత్రే లెక్క వేసుకోవచ్చు. నది బతకడానికి కొంత నీరు వదలాలన్న మాట అంకెగా మారింది.

ఇంకోటి, అంతగా పేరు లేని కేసు. సింగపూర్ సముద్రాన్ని పూడ్చి నేల చేసుకుంటుంటే, తమ తీరం పాడవుతోందని మలేసియా 2003లో హాంబర్గ్‌లోని సముద్ర న్యాయ ట్రైబ్యునల్‌కు వెళ్లింది. ట్రైబ్యునల్ ముందే ఎవరిదీ తప్పనలేదు. ఇద్దరూ కలిసి నిపుణుల బృందం పెట్టుకుని కొలిపించండి అంది. కొలిచాక, 2005లో వాళ్లే రాజీ పడ్డారు. మా ఇద్దరు లష్కర్ల సంతకాల పుస్తకం లాంటిదే.

మన దగ్గరి బాబ్లీ సంగతి మాస్టారికి తెలిసే ఉంటుంది. అది దేశాల తగువు కాదు, రాష్ట్రాల తగువు. మన శ్రీరాంసాగర్ ముంపు ప్రాంతంలోనే మహారాష్ట్ర 2.74 టీఎంసీల బ్యారేజీ కట్టింది. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు బ్యారేజీ ఉండనిచ్చింది. కానీ జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా 14 గేట్లూ ఎత్తి ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీలు కిందికి వదలాలి, కేంద్ర జలసంఘం ప్రతినిధితో పాటు రెండు రాష్ట్రాల ప్రతినిధులతో ముగ్గురు సభ్యుల కమిటీ ఉండాలి అని చెప్పింది. ఆ తీర్పు మీద మనవాళ్లలో చాలామందికి కోపం ఉంది, నాకూ కొంత ఉంది. అయినా ఏటా జూలై 1న మూడు పక్షాల అధికారులూ అక్కడ నిలబడి గేట్లు ఎత్తించుకుంటున్నారు. తేదీ ఉంది, అంకె ఉంది, నిలబడే మనుషులు ఉన్నారు.

పాకాల ఆయకట్టు:

ఇద్దరికీ నమస్కారం. ఒకే మెట్టు మీద నిలబడి చదవడం అన్న మాట రాత్రంతా నా బుర్రలో తిరిగింది.

కానీ సార్, నాకు ఒక అనుమానం. బాబ్లీకి పైన సుప్రీంకోర్టు ఉంది. ఆ రోజు గేట్లు ఎత్తకపోతే ధిక్కారం కేసు పడుతుంది. కిషన్‌గంగకు పైన ఎవరు? 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తరువాత మన ప్రభుత్వం ఆ ఒప్పందాన్నే నిలిపివేసింది. నేను ఆ నిర్ణయం తప్పొప్పుల జోలికి పోవడం లేదు. ఆ దాడిలో పోయిన ప్రాణాల గురించి తలచుకుంటే ఇప్పటికీ మనసు కలచివేస్తుంది. నా ప్రశ్న ఒక్కటే. ఒప్పందం నిలిచిపోయిన రోజున 9 ఘనపు మీటర్లకు కాపలా ఎవరు? చేపకు సరిహద్దు తెలియదు కదా.

ఇంకొకటి కూడా అడగాలి. మా మేనమామ ఒకప్పుడు గోదావరి ఒడ్డున కాగితం కోసం గుజ్జు తయారుచేసే కర్మాగారంలో పనిచేశాడు. సెలవులకు వెళ్తే ఆ వాసన రెండు మైళ్ల ముందే బస్సులోకి వచ్చేది, కుళ్లిన కోడిగుడ్ల వాసన. బాపు ముక్కుకు తువ్వాలు కట్టుకునేవాడు. మామ మాత్రం "అలవాటైపోతుంది బావా" అనేవాడు. అతని జీతం మీద ముగ్గురు పిల్లలు చదువుకున్నారు. ఇలాంటి కర్మాగారం మీద రెండు దేశాలు కోర్టుకు వెళ్లిన కేసు ఉందని విన్నాను. అందులో వాసన గురించి కోర్టు ఏమంది?

సుబేదారి:

ఉంది మాస్టారూ. ఉరుగ్వే నది ఒడ్డున ఫ్రే బెంటోస్ అనే ఊరు. అటువైపు అర్జెంటీనా. ఉరుగ్వే ప్రభుత్వం గుజ్జు మిల్లుకు అనుమతి ఇచ్చింది, 2007లో అది నడవడం మొదలైంది. ఆ నది మీద ఏ పెద్ద పని చేసినా ముందుగా రెండు దేశాల ఉమ్మడి కమిషన్‌కు చెప్పాలని 1975లో రాసుకున్నారు. ఉరుగ్వే చెప్పలేదు. అవతలి ఒడ్డున గ్వాలెగ్వాయ్చు జనం రెండు దేశాలను కలిపే వంతెన మీద అడ్డంగా కూర్చున్నారు. ఒకరోజు రెండు రోజులు కాదు, ఏళ్ల తరబడి.

2010 ఏప్రిల్ 20న తీర్పు వచ్చింది. ముందుగా చెప్పకపోవడం ఉరుగ్వే తప్పు, కానీ నది కలుషితమైందని రుజువు కాలేదు, మిల్లు నడవవచ్చు అన్నారు. వాసన గురించి మీరు అడిగారు. నదికి సంబంధించిన ఆ ఒడంబడిక కింద గాలి వాసన మీద, చప్పుడు మీద తమకు అధికారం లేదన్నారు. మీ బాపు కట్టుకున్న తువ్వాలుకు ఆ కోర్టులో చోటు లేకపోయింది.

నాకు కోపం తెప్పించేది ఇంకొకటి. రెండు పక్షాలూ శాస్త్రవేత్తలను సాక్షులుగా కాకుండా తమ లాయర్ల వరుసలో కూర్చోబెట్టి మాట్లాడించాయి. దాంతో వాళ్లను ఎవరూ ఎదురు ప్రశ్నలు వేసి నిలదీయలేకపోయారు. కోర్టే అది సరికాదంది. సొంతంగా నిపుణులను మాత్రం పిలవలేదు. అల్ ఖసావ్నే, సిమ్మా అనే ఇద్దరు న్యాయమూర్తులు దీన్ని తప్పుపడుతూ భిన్నాభిప్రాయం రాశారు. నేను వాళ్ల పక్షమే. గేజీ బల్ల గారు చెప్పిన కొబ్బరి పీచు పని కోర్టే చేయించాల్సింది.

అలాగని ఆ తీర్పు వట్టిది అనను. సరిహద్దు దాటి హాని జరిగే అవకాశం ఉంటే ముందుగా పర్యావరణ ప్రభావ అంచనా వేయడం ప్రతి దేశానికీ తప్పనిసరి అని అందులోనే చెప్పారు. తీర్పు వచ్చిన కొన్ని నెలలకే రెండు దేశాల అధ్యక్షులు కూర్చుని, మిల్లు నీటిని ఇద్దరి శాస్త్రవేత్తలూ కలిసి పరీక్షించే ఏర్పాటు చేసుకున్నారు. వంతెన మీది జనం లేచారు.

మీ మొదటి అనుమానానికి తీయని జవాబు నా దగ్గర లేదు. పైన కోర్టు లేని చోట ఒప్పందమే గట్టు. జపాన్ సంగతి వినండి. 2014 మార్చి 31న అంటార్కిటికాలో తిమింగలాల వేట పథకం చట్టవిరుద్ధమని కోర్టు 12–4 ఓట్లతో చెప్పింది. జపాన్ ఆ పథకం ఆపింది. 2015లో వేరే పేరుతో ఇంకో పథకం పెట్టింది. చివరికి 2019 జూన్ 30న అంతర్జాతీయ తిమింగలాల కమిషన్ నుంచే బయటికి వెళ్లిపోయింది. అయితే అప్పటి నుంచి అంటార్కిటిక్ వైపు వేట ఓడలు పంపడం మానేసి, సొంత సముద్రాల్లో వేటాడుతోంది. దక్షిణ సముద్రంలోని తిమింగలం బతికింది, జపాన్ సముద్రాల్లోనిది చిక్కింది. దీన్ని గెలుపు అనాలా, ఓటమి అనాలా? ప్రతి ఏడూ మా విద్యార్థులతో ఈ వాదన పెడతాను, ప్రతి ఏడూ తరగతి రెండుగా చీలుతుంది.

మంచిర్యాల:

అక్కా, సార్లూ, నేను మంచిర్యాలలో ఉంటాను. బాపు బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. రెండు సంగతులు కలపాలని వచ్చాను.

ఒకటి, చెట్టుకు వెల. కోస్టారికా చిత్తడి నేలలో నికరాగువా కాలువ తవ్వి దాదాపు 300 చెట్లు కొట్టేసింది. కోస్టారికా దాదాపు 67 లక్షల డాలర్లు అడిగింది. 2018 ఫిబ్రవరి 2న కోర్టు మొత్తం 3,78,890 డాలర్లు ఇప్పించింది. అందులో చెట్లు, మట్టి, గాలిని శుభ్రపరిచే గుణం లాంటి ప్రకృతి నష్టానికి 1,20,000 డాలర్లు. ఆ కోర్టు ప్రకృతికి జరిగిన నష్టానికి డబ్బు కట్టించడం అదే మొదటిసారి. నికరాగువా ఆ డబ్బు కట్టింది. తాడ్వాయి అడవిలో నిలబడి ఆలోచిస్తే 300 చెట్లకు ఆ మొత్తం చాలా తక్కువ అనిపిస్తుంది. కానీ సున్నా కాదు. అంతకుముందు సున్నాయే.

రెండోది నాకు దగ్గరిది. 2019లో పసిఫిక్ దీవుల్లో న్యాయశాస్త్రం చదివే 27 మంది విద్యార్థులు, సముద్రం మా ఊళ్లను మింగుతోంది, దీన్ని హేగ్‌కు తీసుకెళ్లండి అని వాళ్ల ప్రభుత్వాలను అడిగారు. వనువాటు అనే చిన్న దేశం భుజాన వేసుకుంది. 2023 మార్చి 29న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ, కోర్టు అభిప్రాయం అడగడానికి సరేనంది. 2025 జూలై 23న న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా, వాతావరణానికి హాని కలగకుండా చూడడం దేశాల చట్టబద్ధమైన బాధ్యత అని, తప్పితే నష్టపరిహారం దాకా వెళ్లవచ్చని అభిప్రాయం చెప్పారు. అది తీర్పు కాదు, సలహా. బొగ్గు మీద పెరిగిన ఇంటి మనిషిగా చదివినప్పుడు నాకు గుండె బరువెక్కింది. మా అన్నం అదే కదా. అయినా ఆ విద్యార్థుల మాట తప్పని నేను అనలేను.

మాస్టారూ, అడిగినవాళ్లు మీ పిల్లలకన్నా నాలుగైదేళ్లు పెద్దవాళ్లు, అంతే. ఇది మీ వెనక వరుస అమ్మాయికి తప్పకుండా చెప్పండి.

గేజీ బల్ల:

మాస్టారి అనుమానం న్యాయమైనదే. పైన ఎవరూ లేకపోతే అంకె కాగితం మీదే ఉంటుంది, ఒప్పుకుంటాను. అయినా ఒక పాత కేసు చెప్పి ముగిస్తాను. కెనడాలో ట్రయల్ అనే ఊరి సీసం, జింకు కర్మాగారం పొగ సరిహద్దు దాటి అమెరికా రైతుల పంటలు మాడ్చింది. 1938లో ట్రైబ్యునల్ 78,000 డాలర్ల పరిహారం చెప్పింది. 1941లో ఇంకా ముందుకు వెళ్లింది. గంధకపు పొగను కొలిచే యంత్రాలు ఎక్కడ పెట్టాలి, గాలి ఏ దిక్కున వీస్తే గంటకు ఎంత పొగ వదలాలి అని రాసిచ్చింది. ఎనభై ఏళ్లు దాటినా ఏ దేశమూ తన నేల మీది పొగతో పక్క దేశాన్ని పాడు చేయకూడదన్న మాటకు ఆ తీర్పునే చూపిస్తున్నారు. అక్కడ పైన ఏ సుప్రీంకోర్టూ లేదు. రెండు దేశాలూ వినాలనుకున్నాయి, ఎలా వినాలో ట్రైబ్యునల్ చేతికిచ్చింది.

పాకాల ఆయకట్టు:

ఈరోజు మూడో పీరియడ్‌లో చెప్పాను. బోర్డును రెండుగా గీసి, ఒకవైపు డాన్యూబ్, ఇంకోవైపు ట్రయల్ పొగ రాశాను. మధ్యలో ఫ్రే బెంటోస్ మిల్లు. తిమింగలం ఎటు రాయాలో పిల్లలనే అడిగాను. గంట కొట్టేదాకా తేలలేదు.

ఆ అమ్మాయి మాత్రం మా ఊరి నీరటి దగ్గరే ఆగింది. "సార్, ఆ నీరటికి ఇద్దరూ వడ్లు కొలిచేవాళ్లన్నారు కదా. ఆ నది కమిషన్‌కు, ఆ నిపుణుల బృందానికి జీతం ఇద్దరూ ఇస్తారా, ఒక్కరే ఇస్తారా?" అంది. నాకు ఆ మాట తట్టనే లేదు. ఇద్దరూ ఇచ్చిన చోటే పని జరిగిందా అని ఇప్పుడు ఒక్కొక్క కేసూ మళ్లీ చదువుతున్నాను. సుబేదారి మేడం, వీరమంత్రి గారి పేజీలు పంపగలిగితే నేనే తెలుగులోకి మార్చి చదువుతాను.

గేజీ బల్ల సార్, జూలై 1న బాబ్లీ దగ్గరికి పదిమంది పిల్లలను తీసుకురావాలని ఉంది. నర్సంపేట నుంచి రాత్రి బయలుదేరితే పొద్దున్నకు చేరతామా? గేట్లు ఎత్తేటప్పుడు గట్టు మీద ఎక్కడ నిలబడితే కనపడుతుందో మీరే చెప్పాలి.